జవాబు ఏ మాటల్లో రాసి ఉంది? ఆన్‌లైన్ వెతుకులాటలోని చిక్కుముళ్లు

మిరపతోటలో ఆకులు ముడుచుకుపోతున్నాయి. రైతు ఫోను తీసి "మిరప ముడత మందు" అని వెతుకుతాడు. క్షణంలో బోలెడన్ని వీడియోలు, వ్యాసాలు, పురుగుమందుల ప్రకటనలు వచ్చి పడతాయి. వాటిలో చాలావరకు అబద్ధాలేమీ కావు. అయినా ఆ రైతు తప్పు మందు కొట్టే ప్రమాదం గట్టిగానే ఉంది. ఎందుకంటే ముడత ఒక రకం కాదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడిస్తే అది తామర పురుగు పని, దాన్ని పై ముడత అంటారు. అంచులు కిందికి తిరిగి ఆకు తిరగేసిన పడవలా కనిపిస్తే తెల్లనల్లి చేరినట్టు, అది కింది ముడత. నల్లి అసలు పురుగే కాదు, సాలీడుకు బంధువు. అందుకే మామూలు పురుగుమందులు చాలావరకు దాని మీద పనిచేయవు. ఇక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వచ్చే ముడత మూడోది. దానికి నేరుగా మందు లేదు, దోమను అదుపు చేసుకోవడం ఒక్కటే దారి.

అదే రైతు "మిరప కింది ముడత" అని వెతికి ఉంటే తెల్లనల్లి గురించి రాసిన పేజీలు పైకి వచ్చేవి. తేడా ఒక్క మాట. ఆ మాట వ్యవసాయ శాస్త్రవేత్తలు రాసే కరపత్రాల్లో ఉంటుంది, పొలం గట్టు మీద ఉన్నవాడి నోట ఉండకపోవచ్చు. ఆన్‌లైన్‌లో వెతకడంలోని చిక్కంతా ఇలాంటి దూరంలోనే ఉంది. అడిగేవాడికి ఒక మాట తెలుసు, జవాబు రాసినవాడు వేరే మాట వాడాడు.

సెర్చ్ ఫలితాల పైన కృత్రిమ మేధ రాసిన సారాంశాలు ప్రత్యక్షమవడం మొదలయ్యాక ఈ నేర్పు ఇక అవసరమా అనే సందేహం బయలుదేరింది. మామూలు మాటల్లో అడిగితే జవాబే వస్తుంటే ఈ తంటా అంతా ఎందుకని కొందరు, ఇప్పుడే ఈ తంటా మరింత అవసరమని మరికొందరు. ఎవరి మాటలో ఎంత బలముందో తూచాలంటే ముందు తెర వెనక ఏం జరుగుతుందో చూడాలి.

పుస్తకం చివరి పదసూచిక

మనం అడిగిన తర్వాత సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్ అంతా గాలించి వస్తుందని చాలామంది ఊహ. అది ముందే గాలించి పెట్టుకుంటుంది. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ఒక లింకు పట్టుకుని ఇంకో లింకుకు దాటుతూ పేజీలు చదివి వస్తాయి. చదివిన దానితో ఒక సూచిక తయారవుతుంది. పెద్ద పుస్తకాల చివర "గోదావరి – 14, 87, 203" అని ఏ మాట ఏ పుటలో ఉందో వేస్తారు కదా, అలాంటిదే. మనం టైపు చేసిన మాటలను సెర్చ్ ఇంజిన్ ఈ సూచికలో చూస్తుంది. సూచికలో లేని పేజీ దాని లెక్కలో లోకంలోనే లేదు.

మూడో పని, దొరికినవాటిని వరుసలో పెట్టడం. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు వారి గొప్పతనం ఇక్కడే కనిపించింది. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇస్తున్నారు, ఆ ఇచ్చేవారికి ఎంత పరపతి ఉంది అని లెక్క కట్టారు. ఊళ్లో నలుగురు పెద్దమనుషులు పేరు చెప్పిన వైద్యుడి దగ్గరికి వెళ్లడం లాంటి పద్ధతి. ఇప్పుడు ఆ లెక్కలోకి ఇంకా ఎన్నో అంశాలు వచ్చి చేరాయి.

తర్వాత వచ్చిన పెద్ద మార్పు, మాటను దాటి అర్థాన్ని అందుకోవడం. గూగుల్ 2019 అక్టోబరులో బెర్ట్ అనే భాషా నమూనాను, అంటే చాలా రాతలు చదివి మాటల మధ్య సంబంధాలు నేర్చుకున్న ప్రోగ్రామును, ఇంగ్లిష్ వెతుకులాటలోకి, అదే ఏడాది డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషల్లోకి తెచ్చింది. దాంతో మాట అచ్చంగా కలవకపోయినా అర్థం దగ్గరగా ఉన్న పేజీ దొరకడం పెరిగింది. అయితే అర్థాన్ని ఊహించడమంటే సాధారణంగా ఎక్కువమంది ఉద్దేశించే అర్థం వైపు మొగ్గడమే. నలుగురూ అడిగేదే అడిగేవారికి ఇది వరం. ఎవరూ అడగనిది అడిగేవారికి ఇదే అడ్డం.

తెలుగు మాట ఒక్క రూపంలో నిలవదు

ఇంగ్లిష్‌లో ఊరి పేరు ముందు "ఇన్" పెట్టినా "ఫ్రమ్" పెట్టినా ఊరి పేరు చెక్కుచెదరదు. మనకు అలా కుదరదు. విజయవాడలో, విజయవాడకు, విజయవాడనుంచి అని విభక్తి మాటకు అతుక్కుంటుంది. అది అతుక్కుంటేనే నయం, కొన్ని మాటలు రూపమే మార్చుకుంటాయి. ఇల్లు ఇంటి అవుతుంది, ఇళ్ల అవుతుంది. చెయ్యి చేతి అవుతుంది, గోరు గోళ్లవుతుంది. "ఇల్లు పన్ను" అని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికితే "ఇంటి పన్ను" అని రాసిన పేజీ కలవదు. పైగా పంచాయతీలో ఇంటి పన్ను అనేదాన్ని పురపాలక సంఘంలో ఆస్తి పన్ను అంటారు, అది వేరే తలనొప్పి.

దీనికి తోడు వర్ణక్రమం. పెళ్ళి అనేవారున్నారు, పెళ్లి అనేవారున్నారు. పుస్తకము, పుస్తకం. హైదరాబాదు, హైదరాబాద్. కరెంటు, కరెంట్. ప్రభుత్వోద్యోగి అని సంధి చేసేవారు కొందరు, ప్రభుత్వ ఉద్యోగి అని విడదీసేవారు కొందరు. పాత పుస్తకాల్లోకి వెళితే తెలుగు కాస్తా తెలుఁగు, గుర్రం గుఱ్ఱము. ఇవన్నీ ఒకే మాటని మనకు తెలుసు. ఇంగ్లిష్‌లో ఇలాంటి రూపభేదాలను కలిపి చూడటం సెర్చ్ ఇంజిన్లకు బాగా అలవాటు. తెలుగులో ఆ పని అంత నమ్మకంగా జరగదు. అందుకే ఒక రూపంతో ఏమీ దొరకలేదంటే సమాచారం లేదని అర్థం కాదు. ళ్ళ వత్తు మార్చి ఇంకోసారి చూస్తే తేలిగ్గా దొరికిన సందర్భాలు నాకే చాలా ఉన్నాయి.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు ఇంకో ప్రపంచం. యూట్యూబ్ శీర్షికల్లో, వ్యాఖ్యల్లో అదే రాజ్యమేలుతోంది. "ఎలా చేయాలి" అన్న రెండు మాటలకు ఆ లిపిలో ఎన్ని వర్ణక్రమాలైనా ఉండవచ్చు. ఫలితంగా వెతుకులాట మూడు పాయలుగా చీలింది. వంటలు, రిపేర్ల వీడియోలకు ఇంగ్లిష్ అక్షరాల తెలుగు బాగా పనిచేస్తుంది. వార్తలకు, సాహిత్యానికి తెలుగు లిపి. చట్టం, వైద్యం, సాంకేతిక విషయాల లోతైన పేజీలకు ఇంగ్లిష్. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైనే. ఇంతమంది ఉన్న భాషలో మూడో పాయకు చెందిన పేజీలు ఇంకా పలచగా ఉండటం గురించి విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు.

కంటికి తెలుగే, కంప్యూటర్‌కు కాదు

ఇంకొక తెర ఉంది, అది కంటికి కనపడదు. కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టిక యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పు నుంచే అందులో తెలుగుకు చోటుంది. కానీ ఆ పట్టిక వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు మన పత్రికలు, ముద్రణాలయాలు సొంత ఫాంట్లతో నెట్టుకొచ్చాయి. ఆ పద్ధతిలో లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేసి చూపించేది. ఫాంటు లేని చోట వేషం జారిపోయేది.

డీటీపీ కేంద్రాల్లో ఆ ఫాంట్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటితో చేసిన పీడీఎఫ్ తెర మీద ముత్యాల్లాంటి తెలుగు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పెడితే అర్థంకాని గీతలు, చుక్కలు. సెర్చ్ ఇంజిన్ సూచికలోకి చేరేది ఆ గీతలూ చుక్కలే. కాబట్టి అందులో మనకు కావలసిన మాట వంద సార్లు ఉన్నా తెలుగులో వెతికితే తగలదు. ఈ పేజీలను పట్టుకునే దారి ఒకటే, ఫైలు చుట్టూ ఉన్న మాటలు. దాని ఇంగ్లిష్ శీర్షిక, దాన్ని పెట్టిన సంస్థ పేరు, సంవత్సరం.

యూనికోడ్‌లో రాసినా చిన్న చిన్న మడతలు మిగిలే ఉన్నాయి. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట్, వే కలిసిపోకుండా మధ్యలో కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. కొందరు అది పెడతారు, కొందరు "సాఫ్ట్వేర్" అని వత్తు పడనిస్తారు, కొందరు ఖాళీ వదిలి "సాఫ్ట్ వేర్" అంటారు. అచ్చుతప్పు ఏదీ కనిపించని చోట కూడా వెతుకులాట ఎందుకు విఫలమవుతుందో ఇక్కడ కొంత తెలుస్తుంది.

కొటేషన్, మైనస్, తేదీ

సెర్చ్ ఇంజిన్ ఊహలకు పగ్గం వేసే గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటిని ఆపరేటర్లు అంటారు. మాటలను కొటేషన్ గుర్తుల్లో పెడితే అదే వరుసలో, అదే రూపంలో ఉన్న పేజీలే కావాలని అర్థం. ఒక మాట ముందు ఖాళీ లేకుండా మైనస్ పెడితే ఆ మాట ఉన్న పేజీలు వద్దని. "సైట్" అనే ఇంగ్లిష్ మాట, కోలన్, ఆ వెంటనే వెబ్‌సైటు చిరునామా రాస్తే ఆ ఒక్క చోటే వెతకమని. అలాగే "ఫైల్‌టైప్" కోలన్ పీడీఎఫ్ అంటే ఆ రకం ఫైళ్లే. "బిఫోర్", "ఆఫ్టర్" అనే మాటల పక్కన కోలన్, తేదీ పెడితే కాలం హద్దులు ఏర్పడతాయి. ఈ చివరి రెండూ 2019లో వచ్చాయి.

నంద్యాల జిల్లా బనగానపల్లెను తీసుకుందాం. 1948 దాకా అది నవాబుల ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం. కానీ ఆ పేరుతో వెతికితే ముందుగా పలకరించేది చరిత్ర కాదు, మామిడిపండు. "బనగానపల్లె" అని రాసి మైనస్ మామిడి అంటే పండు పక్కకు జరుగుతుంది. అయితే సంస్థానం గురించి రాస్తూ మధ్యలో మామిడి ప్రస్తావన తెచ్చిన మంచి వ్యాసం కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. మైనస్ గుర్తు మొరటుది, గడ్డితోపాటు మొక్కనూ పీకుతుంది. "బనగానపల్లె సంస్థానం", "బనగానపల్లె నవాబు" అని చేర్చి వెతకడం ఇంతకంటే సున్నితమైన దారి. మామిడి వ్యాసాల్లో ఆ మాటలు ఎలాగూ తక్కువ.

తేదీ హద్దు విలువ తెలియాలంటే పింఛను ఉదాహరణ చాలు. "ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను ఎంత" అని వెతికితే వెయ్యి అనే పేజీ, రెండు వేలు అనే పేజీ, నాలుగు వేలు అనే పేజీ పక్కపక్కనే రావచ్చు. మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పేరు 2014–19 మధ్య ఒకసారి నడిచింది. మొదట వెయ్యి, 2019 ఆరంభంలో రెండు వేలు ఇచ్చారు. ప్రభుత్వం మారాక పథకం పేరు వైఎస్సార్ పెన్షన్ కానుక అయింది. 2024లో ప్రభుత్వం మళ్లీ మారి పాత పేరు తిరిగొచ్చింది, మొత్తం నాలుగు వేలయింది. పేరు ఒకటే, కాలాలు రెండు. 2024 జూన్ తర్వాతి పేజీలే చాలని హద్దు పెడితే చిక్కు చాలావరకు విడిపోతుంది. చాలావరకు అనడానికి కారణం, పాత పేజీకి కొత్త తేదీ తగిలించే వెబ్‌సైట్లకు కొదవ లేదు.

ఆపరేటర్లు శాశ్వతం కావని కూడా గుర్తుంచుకోవాలి. మాట తప్పనిసరి అని చెప్పే ప్లస్ గుర్తును గూగుల్ 2011లో తీసేసి ఆ పనిని కొటేషన్లకు అప్పగించింది. పాత ప్రతి చూపే క్యాష్ లింకు 2024లో పోయింది. ఏళ్లనాటి "పది చిట్కాలు" పేజీలు మాత్రం వాటిని ఇంకా సిఫారసు చేస్తూనే ఉంటాయి.

గుంటూరులో అడంగల్, వరంగల్‌లో పహాణీ

ఇప్పుడు అసలు చిక్కులోకి. డల్లాస్‌లో స్థిరపడిన ఒక కుటుంబం తాతగారి పొలం కాగితాల కోసం వెతుకుతోందనుకుందాం. వాళ్లకు తెలిసిన మాటలు "పొలం", "పేరు మార్పు", "పాత రికార్డు". ఈ మూడింటితో దొరికేవి ఎక్కువగా స్థిరాస్తి సంస్థల ప్రకటనలే.

రెవెన్యూ కార్యాలయం వాడే మాటలు వేరు. అవి కూడా రెండు చరిత్రల నుంచి వచ్చినవి. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న ప్రాంతాల్లో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసే పుస్తకం అడంగల్. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో దాదాపు అదే పుస్తకం పహాణీ. తాతగారిది గుంటూరు జిల్లా అయితే "పహాణీ" అని ఎంత వెతికినా పొరుగు రాష్ట్రపు పేజీలే వస్తాయి. వరంగల్ అయితే ఇంకా లోతుకు వెళ్లవచ్చు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ అక్కడి హక్కుల వివాదాల్లో తరచూ వినపడే పత్రం, వారసుల పేరు ఎక్కించడాన్ని విరాసత్ అంటారు. ఈ ఒక్కొక్క మాట ఒక తాళంచెవి. "తాతగారి పొలం పేరు మార్పు" స్థానంలో "విరాసత్" అని పెట్టగానే వచ్చే పేజీల స్థాయే మారుతుంది.

ఆ తాళంచెవి ముందే తెలిస్తే వెతకాల్సిన పనే సగం ఉండదు కదా అంటారా? న్యాయమైన ప్రశ్న. అందుకే అనుభవజ్ఞుల వెతుకులాట ఒక్కసారితో ముగియదు. మొదటి వెతుకులాట జవాబు కోసం కాదు, మాట కోసం. మామూలు మాటలతో వెతికి, వచ్చిన రెండు మూడు పేజీలు పైపైన చదివితే కార్యాలయం వారు దాన్ని ఏమంటారో ఎక్కడో తగులుతుంది. ఆ మాటతో రెండో వెతుకులాట. మిరప రైతుకూ ఇదే జరుగుతుంది. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరపను కొత్త రకం నల్ల తామర పురుగు దెబ్బతీసింది. పూలలో చేరి పూత రాల్చే ఆ పురుగు గురించి "తామర పురుగు" అని వెతికినవారికి పాత పురుగు సమాచారమే ఎక్కువగా ఎదురయ్యేది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే శాస్త్రీయ నామం దొరికాక దారి తెరుచుకుంటుంది. ఊరికో పేరున్న మొక్కలకు, పురుగులకు, జబ్బులకు ఎక్కడా మారని పేరు అదొక్కటే.

పాత పేర్లతో ఇంకో ప్రమాదం. తెలంగాణలో 2020 అక్టోబరు నుంచి భూముల వ్యవహారం ధరణి పోర్టల్‌లో నడిచింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ధరణి మీద రాసిన పేజీలకు ఐదేళ్ల లింకులు, ఐదేళ్ల పరపతి ఉన్నాయి. ముందు చెప్పుకున్న పెద్దమనుషుల లెక్కలో అవి సహజంగానే పైన ఉంటాయి. కాలం చెల్లినంత మాత్రాన పరపతి చెల్లదు.

గుమస్తా చెవికి వినపడిన పేరు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరం చేరింది. ఒప్పంద కూలీలతో అక్కడికి వెళ్లిన తొలి ఓడ అది. ఆ తర్వాత వెళ్లిన ఓడల్లో విశాఖ, గోదావరి ప్రాంతాల వారు ఎందరో ఉన్నారు. వారి మునిమనుమలు ఇప్పుడు పూర్వీకుల ఊరి కోసం ఓడల జాబితాలు వెతుకుతున్నారు. ఇక్కడి వారికి తెలిసిన నాయుడు అక్కడ "నైడూ" అని చెవికి తగిలేలా చివర రెండు ఓలతో స్థిరపడింది. అప్పలస్వామి కాస్తా అప్పల్‌సామి అయి ఇంటిపేరుగా మారింది. గుమస్తాకు ఎలా వినపడితే అలా రాశాడు, ఆ రాత మీదే తరాలు నడిచాయి.

ఊళ్ల పేర్లదీ అదే కథ. ఆనాటి ఇంగ్లిష్ కాగితాల్లో కాకినాడ లేదు, కొకనాడా ఉంది. విశాఖపట్నం విజగపటం. శ్రీకాకుళం చికకోల్. మచిలీపట్నం మసూలిపటం, ఏలూరు ఎల్లోర్. నేటి వర్ణక్రమంతో వెతికితే ఈ కాగితాల మీదుగా వెళ్లిపోతాం కానీ వాటిని తాకం.

బర్మాలోని తెలుగువారి సంగతి ఇంకా విచిత్రం. రంగూన్ రేవులో, మిల్లుల్లో వేలాది తెలుగు కూలీలు పనిచేశారు. వారి చరిత్ర కోసం "బర్మా తెలుగువారు" అని వెతికితే దొరికేది కొంతే. వలస పాలకుల నివేదికల్లో వారిని కోరంగీలు అన్నారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవారు కాబట్టి ఆ పేరు. 1839 తుఫానులో ఆ రేవు నాశనమైనా పేరు మాత్రం మనుషులకు అంటుకుని సముద్రం దాటింది. ఆ ఒక్క మాట ఇంగ్లిష్‌లో వేస్తే కనిపించే నివేదికలు, జనాభా లెక్కలు వేరే. అదొక కించపరిచే మాటగా వాడారన్నది నిజం. ఇవాళ మనం అనకూడని మాటతోనే వెతకాల్సి రావడం పాత రికార్డుల్లో తరచూ ఎదురయ్యే ఇబ్బంది.

పైన ఉన్నదల్లా మేలైనదేనా

ఫలితాల వరుస నాణ్యతకు కొలమానమా అన్నదానిపై రెండు వాదనలున్నాయి. ఫలితాలు నానాటికీ నాసిగా మారుతున్నాయని, సెర్చ్ ఇంజిన్ల లెక్కకు తగ్గట్టు వండిన పేజీలే పైకి వస్తున్నాయని ఒక వాదన. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి చెందినవారితో సహా కొందరు జర్మన్ పరిశోధకులు 7,392 వస్తు సమీక్షల ప్రశ్నలను గూగుల్, బింగ్, డక్‌డక్‌గో అనే మూడు సెర్చ్ ఇంజిన్లలో ఏడాదిపాటు గమనించి 2024లో ఫలితాలు ప్రకటించారు. పైన కనిపించే పేజీల్లో కమిషన్ కోసం రాసినవి ఎక్కువని, రాత నాణ్యత తక్కువగా ఉందని తేల్చారు. కానీ వాటిలో గూగుల్ మిగిలినవాటికన్నా కాస్త మెరుగని కూడా వారే అన్నారు. ఒక్క సమీక్షల రంగాన్ని చూసి మొత్తాన్ని అంచనా వేయలేమని గూగుల్ జవాబిచ్చింది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ మిక్సీ కొనాలి అన్న ప్రశ్నకు వచ్చే చెత్త, ఖాస్రా పహాణీ అన్న ప్రశ్నకు రాదు. డబ్బున్న చోటే ఈగలు.

డబ్బు ఇంకా నేరుగా పనిచేసే చోటు కస్టమర్ కేర్ నంబర్లు. బ్యాంకు పేరు, హెల్ప్‌లైన్ అని వెతికేవారు కంగారులో ఉంటారు. మోసగాళ్లు సరిగ్గా ఆ మాటల కోసమే నకిలీ పేజీలు తయారుచేసి పెడతారు. వెతుకులాట నేర్పు ఇక్కడ తిరగబడుతుంది, జవాబు రాసినవాడు మన మాటలను ముందే ఊహించి వల వేశాడు. బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అనే ప్రత్యేక చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించడానికి కారణం ఇలాంటి మోసాలే. చిరునామా చివరి భాగం చూస్తే అసలుదో కాదో తెలియాలన్నది ఉద్దేశం. ప్రభుత్వ పేజీలకు "జీవోవీ డాట్ ఇన్" ఎప్పటినుంచో ఇదే పని చేస్తోంది. డబ్బు పోయాక ఫిర్యాదుకు ఉన్న జాతీయ నంబరు 1930.

పేజీ నమ్మదగినదా కాదా అన్నది తేల్చడంలో ఒక ఆసక్తికరమైన పరిశోధన ఉంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో చరిత్ర ఆచార్యులను, విద్యార్థులను, నిజనిర్ధారణ చేసే పాత్రికేయులను ఒకే రకం వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టారు. ఆచార్యులు, విద్యార్థులు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, దాని హుందాతనం చూసి చాలాసార్లు మోసపోయారు. పాత్రికేయులు ఆ పేజీని దాదాపు చదవనేలేదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబు తెరిచి ఈ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు, త్వరగా తేల్చేశారు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు పెళ్లివారి ఇంట్లో కూర్చుని వారు చెప్పేది వినడం ఒకటి, వీధి చివర కొట్టులో వాకబు చేయడం ఒకటి.

కృత్రిమ మేధ సారాంశం: రెండు పక్షాలు

అమెరికాలో 2024 మే నెలలో, మన దేశంలో అదే ఏడాది ఆగస్టులో గూగుల్ ఫలితాల పైన సారాంశాలు విస్తృతంగా రావడం మొదలైంది. వీటిని సమర్థించేవారి వాదన తేలికగా కొట్టిపారేయదగింది కాదు. ఈ వ్యాసంలో ఇంతవరకు చెప్పిన చిక్కులన్నీ మాట కుదరకపోవడం వల్ల వచ్చినవే. భాషా నమూనాలు మాటకూ మాటకూ మధ్య వంతెన వేయడంలోనే దిట్టలు. "ఆకు కిందికి ముడుచుకుంటోంది, పురుగు కనపడటం లేదు" అని రైతు తన మాటల్లో చెబితే, తెల్లనల్లి కావచ్చని అది అనగలదు. పహాణీ, అడంగల్ ఒకటేనని, చికకోల్ అంటే శ్రీకాకుళమని చెప్పగలదు. మాట కోసం చేసే ఆ మొదటి వెతుకులాటను అది దాదాపు ఒంటిచేత్తో చేసేస్తుంది.

అవతలి పక్షం చూపించే తప్పుల్లో రెండు జాతులున్నాయి, వాటిని కలిపేస్తే చర్చ చెడుతుంది. ఒకటి, మూలం ఉంది కానీ అది పనికిరానిది. 2024 మేలో పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని సారాంశం సలహా ఇచ్చింది. ఏళ్ల కింద ఎవరో వేసిన జోకును అది నిజమనుకుంది. రెండోది, మూలమే లేదు. 2023లో న్యూయార్క్ కోర్టులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను ఉటంకించారు. ఆ తీర్పులు ఏ కోర్టూ ఇవ్వలేదు. 5,000 డాలర్ల జరిమానా పడింది. మొదటి రకం తప్పు లింకు తెరిచి చూస్తే బయటపడుతుంది. రెండో రకంలో తెరవడానికి లింకే ఉండదు, ఉంటే ఎటూ పోదు.

నాకు వీటికన్నా ఇబ్బందిగా తోచేది మూడో రకం, అది వార్తల్లోకి ఎక్కదు. వేర్వేరు పేజీల్లోని నిజాలను ఒకే పేరాలో కుట్టేయడం. పింఛను ఉదాహరణలో వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు అనే మూడు పేజీలు విడివిడిగా కనిపించినప్పుడు ఇక్కడేదో తేడా ఉందని మనకు అనుమానం వస్తుంది. ఆ మూడింటినీ నున్నగా కలిపి ఒకే జవాబుగా ఇస్తే ఆ అనుమానానికి చోటుండదు. ఫలితాల జాబితా గజిబిజిగా ఉండటం లోపమే, కానీ ఆ గజిబిజిలోనే ఒక సమాచారం కూడా ఉండేది.

క్రాలర్ అడుగుపెట్టని గదులు

ఇంత నేర్పుతో వెతికినా దొరకనివి ఉంటాయి, ఎందుకంటే అవి సూచికలోనే లేవు. జిల్లా, మండలం, సర్వే నంబరు నింపితే గానీ తెరుచుకోని భూ రికార్డుల పేజీని క్రాలర్ నింపదు. కోర్టు కేసుల వివరాలూ అంతే. వాటికి సెర్చ్ ఇంజిన్ వాకిలి దాకా తీసుకెళ్లగలదు, లోపలికి మనమే వెళ్లాలి. ఓటర్ల జాబితాలు బొమ్మల రూపంలో ఉంటాయి, వెతకగలిగే అక్షరాల రూపంలో ఇవ్వాలన్న వినతిని సుప్రీంకోర్టు 2018లో తోసిపుచ్చింది. కొన్ని అసలు పెట్టనే పెట్టరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవోలను తన వెబ్‌సైట్‌లో ఉంచడం ఆపేసింది, 2024లో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ కాలం నాటి ఒక జీవో అక్కడ దొరకకపోతే తప్పు వెతికేవారిది కాదు.

పాత తెలుగు పత్రికలు ఈ గదుల్లోకెల్లా పెద్దవి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ప్రారంభించిన ఆంధ్రపత్రిక వంటి వాటి సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టించింది. అవి పుటల ఫొటోలు. లోపలి అక్షరాలు కంప్యూటర్‌కు తెలియవు, అరిగిపోయిన అచ్చును, అరసున్నలను, బండి రలను యంత్రం చదవడం ఇంకా తడబాటుగానే సాగుతోంది. అందులో ఒక వార్త కావాలంటే దాని తేదీ ఇంకెక్కడి నుంచైనా రాబట్టాలి, ఓడల జాబితా నుంచో, కలెక్టరు నివేదిక నుంచో, ఇంట్లో మిగిలిన ఉత్తరం నుంచో. తేదీ చేతికొచ్చాక మాటలతో పనిలేదు. ఆ నాటి సంచిక తెరిచి, మొదటి పుట నుంచి ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోవడమే.